తబలా నాదంలో సైన్సు పాఠం

సి.వి. రామన్ 1888 నవంబర్ 7న తిరుచిరాపల్లిలో జన్మించారు. తండ్రి విశాఖపట్నం కళాశాలలో అధ్యాపకుడిగా చేరడంతో ఆయన బడి చదువు అక్కడే సాగింది. 11 ఏళ్లకే మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. 1904లో బి.ఏ.లో భౌతికశాస్త్రానికీ, ఇంగ్లీషుకూ బంగారు పతకాలు అందుకున్నారు.

1907లో ప్రభుత్వ ఆర్థిక శాఖ ఉద్యోగిగా కలకత్తా వెళ్లారు. మనకు తెలిసిన బదిలీలే ఆయనకూ వచ్చాయి: రంగూన్, నాగపూర్, మళ్లీ కలకత్తా. పగలు ఆఫీసు లెక్కలు, మిగిలిన వేళల్లో ప్రయోగాలు. 1917లో జీతం తగ్గినా ఉద్యోగం వదిలి ఆచార్యులయ్యారు.

ఇంట్లో సంగీతం వింటూ పెరిగిన ఆయన, తబలా, మృదంగాల సుస్వరానికి వాటి చర్మం మీది నల్లని పూత ఎలా కారణమో వివరించారు. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితాన్ని కనుగొన్నారు. 1930లో నోబెల్ బహుమతి వచ్చింది.

సంగీతం పీరియడ్‌లో విన్నదాని గురించి సైన్సు పీరియడ్‌లో మనమూ అడుగుదాం.