శిల్పి బెర్నీని

రోము నగరమున నవోనా చౌకమునందు ఒక జలయంత్రము కలదు. దాని నడిమి రాతిగుట్టపై నాలుగు మహానదులు పురుషరూపములు దాల్చి కూర్చున్నవి. నీలనదికి ముఖముపై ముసుగు. దాని పుట్టుకచోటు ఆనాటి ఐరోపావారికి తెలియదు. తెడ్డు పట్టిన గడ్డపుమనిషి మన గంగ! గంగను తల్లి యను మనకు ఇది వింతయే.

ఈ జలయంత్రమును కల్పించిన జాన్ లొరెంజొ బెర్నీని 1598 డిసెంబరు 7వ తేదీన నేపుల్సునందు జన్మించెను. తండ్రి పియెత్రో శిల్పి. ఉలి పట్టుట ఇంటివిద్య. బాల్యముననే కుటుంబము రోము చేరెను. 1625 నాటికి ఆతడు ముగించిన అపోలో-డాఫ్నే శిల్పములో పరుగెత్తు కన్య వ్రేళ్లు ఆకులగుచుండును, చర్మము బెరడగుచుండును. చలువరాయి ఇంత పలుచన కాగలదా యని నేటికిని జనులు విస్తుపోవుదురు.

ఆతడు చిత్రములు వ్రాసెను. నాటకములు రచించి తానే రంగము సిద్ధపరచి ఆడించెను. ఎనిమిదవ అర్బన్ పోపు ఆదరమున 1629లో సెయింట్ పీటరు దేవాలయమునకు ప్రధాన వాస్తుశిల్పి యయ్యెను.

అందే ఆతనికి గండము వచ్చెను. దేవాలయ ముఖమున గంటగోపురములు కట్టు పని 1637లో చేపట్టెను. 1641 నాటికి గోడలు బీటలు వారెను. పునాదులు పూర్వపు వాస్తుశిల్పి వేసినవి. కాని వానిపై అంత బరువు మోపినవాడు బెర్నీనియే. ఆ తప్పును పూర్తిగా కాదనలేము. 1644లో అర్బన్ మరణించెను. క్రొత్త పోపు పదవ ఇన్నోసెంటునొద్ద ప్రత్యర్థుల మాట చెల్లెను. 1646లో కట్టిన గోపురమును పడగొట్టించిరి.

ఆ అవమానకాలమున, ఎవరును కోరకయే, తనకొఱకే ఒక శిల్పము చెక్కెను: కాలపురుషుడు ముసుగు తొలగింపగా బయల్పడు సత్యము. సత్యమూర్తిని చెక్కెను, కాలపురుషుని చెక్కనేలేదు.

నవోనా పనికి తొలుత ఆతనిని పిలువలేదు. పోపు కంటబడునట్లు ఎవరో ఆతని నమూనాను ఉంచిరనియు, చూచి పోపు మనసు మార్చుకొనెననియు చెప్పుదురు. బరువు మోయలేదని గోపురము కూలినవాడు, ఈ మారు గుహవలె తొలిచిన గుట్టపై పెద్ద రాతిస్తంభమును నిలిపెను! 1651లో పని ముగిసెను. స్తంభము నేటికిని చెక్కుచెదరలేదు. నదీమూర్తులను ఆతని కల్పన ననుసరించి తోడి శిల్పులు చెక్కిరి.

తరువాత సెయింట్ పీటరు ముంగిట 284 స్తంభముల వలయమును నిర్మించెను. 1665లో ఫ్రాన్సు రాజు పిలువగా పారిసుకు పోయెను. ఆతని రాజభవన నమూనా మాత్రము కట్టడము కాలేదు. 1680 నవంబరు 28వ తేదీన రోమునందే కన్నుమూసెను.

ఆ దేవాలయ ముఖమునకు గంటగోపురములు నేటికిని లేవు.