ప్రకాశము పంతులుగారును, పదవినుండి దింపు హక్కును

తా మెన్నుకొనిన ప్రతినిధిని గడువు తీరకమునుపే వెనుకకు పిలుచు హక్కు ఓటరుల కుండవలెనా యను చర్చ మన దేశమున నింకను తేలలేదు. ఈ ప్రస్తావన వచ్చినప్పుడెల్ల మాకు టంగుటూరి ప్రకాశము పంతులుగారు జ్ఞప్తికి వత్తురు. ఉన్నతపదవినుండి ఆయన రెండుసారులు దింపబడిరి. రెండుసారులును దింపినవారు ఓటరులు కారు.

1872 ఆగష్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతమున వినోదరాయునిపాలెమునందు జన్మించి, తల్లి పూటకూళ్ల యిల్లు నడిపి పెంచగా చదువుకొని, రాజమహేంద్రవరమున వకీలై, పురపాలక సంఘాధ్యక్షుడై, సీమకేగి బారిష్టరై, చెన్నపట్టణమున విశేషధన మార్జించిరి. ఆ ధనము 1921లో స్థాపించిన స్వరాజ్య పత్రికకును దేశసేవకును వ్యయమయ్యెను. 1928లో సైమను సంఘ బహిష్కార సందర్భమున తుపాకుల కెదురుగా రొమ్ము చూపిన కథ తెలియని తెలుగువాడు లేడు గాన విస్తరింపము.

1946 ఏప్రిలులో మద్రాసు శాసనసభా కాంగ్రెసుపక్షము, పెద్దల యిష్టమునకు విరుద్ధముగా, ఆయనను నాయకునిగా నెన్నుకొనెను. ఏడాది తిరుగకమునుపే, 1947 మార్చిలో, ఆ పక్షమే ఆయనను విడిచి ఓమందూరు రామస్వామి రెడ్డియారుగారిని గద్దె యెక్కించెను. ఆయన ఫిర్కాభివృద్ధి, ఖద్దరు పథకములు మంచివో చెడ్డవో గ్రామీణు నెవరును అడుగరైరి.

1953 అక్టోబరు 1న పంతులుగారు ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి యైరి. మద్యనిషేధము నెత్తివేయుమని రామమూర్తి సంఘము సిఫారసు చేయగా ఆయన ప్రభుత్వ మంగీకరింపలేదు. 1954 నవంబరులో ఒక్క ఓటు ఆధిక్యముతో అవిశ్వాసతీర్మానము నెగ్గెను. పంతులుగారి మొండితనము ఇందు కొంత కారణమనుటను మేము కాదనము. అయితే 1955 ఎన్నికలలో 196 స్థానములకుగాను, ఆయనను కూల్చుటలో భాగస్వాములైన కమ్యూనిస్టులకు దక్కినవి 15 మాత్రమే. పంతులుగారికి మాత్రము పదవి తిరిగి రాలేదు. బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రి యైరి.

కాలిఫోర్నియాలో 1911నుండి వేరొక పద్ధతి కలదు. గవర్నరును దింపగోరువారు కారణములను వ్రాసి ప్రకటించి, వెనుకటి గవర్నరు ఎన్నికలో పోలైన ఓట్లలో నూటికి 12కు తగ్గని సంఖ్యలో సంతకములు సేకరింపవలెను. పిమ్మట తీర్పు ఓటరులందరిది. 2003లో గ్రే డేవిసు ఇట్లే పదవి కోల్పోయెను. మన దేశమున ఛత్తీస్‌గఢ్‌లో 2008లో ముగ్గురు పురపాలకాధ్యక్షులు ఓటరులచే తొలగింపబడిరి. కాని అచ్చట అర్జీ పెట్టవలసినవారు ఓటరులు కారు, నాల్గింట మూడువంతుల కౌన్సిలర్లు. కోడికి దాణా వేయు పని నక్కల కప్పగించినట్లు మాకు తోచుచున్నది. ఇక శాసనసభ్యుని విషయమున నెచ్చటను ఇట్టి విధి లేదు. కర్ణాటకమున పావగడ తాలూకా వల్లూరు ఓటరైనను, ఒంగోలు ఓటరైనను గడువు తీరువరకు ఆగవలసినదే.

సంతకముల విధి యుండినచో పంతులుగారు నిలిచెడివారని మేమనము. 1954లో గీతకార్మికుల సంతకములు సులభముగనే లభించియుండును. కాని 1947లో పక్షసమావేశపు తలుపులు మూసి చేసిన పనికి కారణము బహిరంగముగా వ్రాసి చూపవలసివచ్చెడిది. నూటికి 12 చాలునా, 25 కావలెనా, పదవి చేపట్టిన యెన్నాళ్లకు అర్జీ చెల్లును అనువానిని శాసనకర్తలు తేల్పవలెను. అర్జీ మాత్రము ఓటరుచేత నుండవలెనని మా యభిప్రాయము.

ఆంధ్రప్రదేశ మేర్పడిన మరుసటి యేడు, 1957 మే 20న, పంతులుగారు హైదరాబాదులో కన్నుమూసిరి.