నూటికి నూరు వచ్చిన రియాక్షన్

సీఎస్‌ఈ వాళ్ళకి కెమిస్ట్రీ ఎందుకు పెట్టారో ఫస్టియర్‌లో మా బ్యాచ్‌లో ఎవరికీ అర్థం కాలేదు. గ్రీన్ కెమిస్ట్రీ యూనిట్‌లో లెక్కలు చేత్తో చేయడానికి బద్ధకమేసి, ఆటమ్ ఎకానమీ కట్టే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ రాసుకున్నాను. ఫార్ములా తేలికే. మనకి కావాల్సిన పదార్థం బరువుని, రియాక్షన్‌లోకి వెళ్ళిన వాటన్నిటి బరువుతో భాగించి 100తో గుణించాలి. లోపలికి వెళ్ళిన పరమాణువుల్లో ఎన్ని మనకి పనికొచ్చాయో, ఎన్ని వేరే వాటిలోకి పోయాయో చెప్పే లెక్క ఇది.

గ్లూకోజ్ నుంచి ఆల్కహాల్‌కి 51 శాతం వచ్చింది. అమ్మోనియా నుంచి యూరియాకి 77. ఒక్కదానికి మాత్రం సరిగ్గా 100 వచ్చేసరికి బగ్ అనుకుని చేత్తో వేసి చూశాను. ఒక నైట్రోజన్ 28, మూడు హైడ్రోజన్‌లు 6, మొత్తం 34. వచ్చేవి రెండు అమ్మోనియాలు, అవీ 34. ఒక్క పరమాణువు కూడా వేస్ట్ అవ్వలేదు. పుస్తకంలో ఆ రియాక్షన్ పక్కన హేబర్ అని ఉంది. ఎవరా అని చదవడం మొదలుపెట్టి ఆ రాత్రి రెండింటిదాకా పడుకోలేదు.

ఫ్రిట్జ్ హేబర్ 1868 డిసెంబర్ 9న బ్రెస్లావ్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. పుట్టిన కొద్ది రోజులకే తల్లి పోయింది. తండ్రిది రంగుల వ్యాపారం. కొడుక్కి ఆ వ్యాపారం పట్టలేదు, కెమిస్ట్రీ పట్టింది. 1892లో క్రైస్తవం పుచ్చుకున్నాడు. 1894లో కార్ల్స్‌రూహెలో చిన్న ఉద్యోగంలో చేరి, అక్కడే ప్రొఫెసర్ అయ్యాడు. 1901లో క్లారా ఇమ్మర్వార్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె కూడా కెమిస్టే. బ్రెస్లావ్ యూనివర్సిటీలో డాక్టరేట్ తీసుకున్న మొదటి మహిళ. పెళ్ళయ్యాక ఆమె రీసెర్చ్ దాదాపు ఆగిపోయింది.

ఆ రోజుల్లో యూరప్ పొలాలకి నైట్రోజన్ ఎక్కువగా చిలీ నుంచి ఓడల్లో వచ్చే ఉప్పు రూపంలో అందేది. అది ఎప్పటికైనా అయిపోయేదే. గాలిలో 78 శాతం నైట్రోజనే ఉన్నా, దాని రెండు పరమాణువులు మూడు బంధాలతో గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి మొక్కలు నేరుగా వాడుకోలేవు. హేబర్ ఆ బంధాన్ని విడగొట్టే దారి వెతికాడు. 1909 జూలైలో, దాదాపు 200 అట్మాస్ఫియర్ల ఒత్తిడి, బాగా ఎక్కువ వేడి, ఆస్మియం క్యాటలిస్ట్‌తో, బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ వాళ్ళ కళ్ళముందే అమ్మోనియా బొట్టు బొట్టుగా దించి చూపించాడు. ఒక్కసారికి కొంచెమే మారుతుంది, మిగిలిన గ్యాస్‌ని మళ్ళీ మళ్ళీ తిప్పాలి. దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చింది కార్ల్ బాష్. 1913లో ఓప్పావ్‌లో ప్లాంట్ మొదలైంది.

నా 100కి మొదటి దెబ్బ ఇక్కడే తగిలింది. హైడ్రోజన్ ఊరికే దొరకదు కదా! ఓప్పావ్‌లో దాన్ని కోక్ బొగ్గు, నీటి ఆవిరి నుంచి తీసేవారు. సరే అని ప్రోగ్రామ్‌కి మళ్ళీ మొదటినుంచి ఇచ్చాను. కార్బన్ 36, నీళ్ళు 108, నైట్రోజన్ 56, మొత్తం 200. అమ్మోనియా 68. జవాబు 34 శాతం. మిగతా 132 కార్బన్ డయాక్సైడ్. రియాక్షన్ అదే, ఫార్ములా అదే. మారిందల్లా నేను లెక్క మొదలుపెట్టిన చోటు.

ఆయన జీవితం కూడా అలాగే అనిపించింది. 1914లో యుద్ధం రాగానే బ్రిటిష్ నౌకలు చిలీ ఉప్పుని ఆపేశాయి. పొలాల కోసం కనిపెట్టిన అమ్మోనియా నైట్రిక్ యాసిడ్‌గా మారి పేలుడు మందులోకి వెళ్ళింది. హేబర్ అక్కడితో ఆగలేదు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర 150 టన్నులకు పైగా క్లోరిన్ వదిలే ఏర్పాటు దగ్గరుండి చూశాడు. మే 2న క్లారా ఆయన పిస్టల్‌తోనే కాల్చుకుని చనిపోయింది. ఎందుకన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. వెంటనే హేబర్ తూర్పు యుద్ధరంగానికి వెళ్ళిపోయాడు. ఇంట్లో 12 ఏళ్ళ కొడుకు ఉన్నాడు. ఆ వాక్యం చదివి ల్యాప్‌టాప్ కాసేపు మూసేశాను.

అమ్మోనియాకి 1918 సంవత్సరపు నోబెల్ వచ్చింది, చాలామంది అభ్యంతరం చెప్పినా. 1933లో నాజీలు యూదు ఉద్యోగుల్ని తీసేయమన్నారు. యుద్ధంలో పనిచేశాడు కాబట్టి ఆయన ఉద్యోగం ఉండేదే. తన వాళ్ళని తను తీసేయలేక రాజీనామా చేశాడు. ఏ దేశం కోసం అంతా చేశాడో ఆ దేశం వదిలి, 1934 జనవరి 29న స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో చనిపోయాడు. క్లారా అస్థికలు కూడా ఆ సమాధిలోకే చేరాయి. ఆయన ఇన్‌స్టిట్యూట్‌లో పురుగుల కోసం సాగిన సైనైడ్ పనే తర్వాత జైక్లాన్ బి అయింది. నాజీ క్యాంపుల్లో చనిపోయినవాళ్ళలో ఆయన బంధువులూ ఉన్నారు.

ఆటమ్ ఎకానమీ అనే మాట 1991లో బ్యారీ ట్రోస్ట్ అనే అమెరికన్ కెమిస్ట్ తెచ్చాడు. అంటే హేబర్ పోయిన 57 ఏళ్ళకి. తన రియాక్షన్‌కి నూటికి నూరు వచ్చిందని ఆయనకి తెలియదు.

పొద్దున్నే ఊరికి ఫోన్ చేసి తాతయ్యని వరికి యూరియా ఎంత వేస్తారని అడిగాను. ఎకరానికి రెండు కట్టలన్నాడు, నీకెందుకురా ఇప్పుడు అని నవ్వాడు కూడా. 45 కిలోల కట్టలో 20 కిలోలకు పైగా నైట్రోజనే. అదంతా ఈ రియాక్షన్ గుండా వచ్చిందే. నేను తిని పెరిగిన అన్నంలో హేబర్ ఉన్నాడు. ఈప్ర దగ్గర ఊపిరాడక పోయినవాళ్ళ లెక్కలోనూ ఉన్నాడు. అన్నం దగ్గరే గీత గీసేస్తే ఆయనకి నూటికి నూరు. నాకు అలా గీయడానికి చెయ్యి రాలేదు.

ప్రోగ్రామ్‌లో ఒక లైన్ మాత్రం చేర్చాను. ఇప్పుడది జవాబు చెప్పే ముందు, లెక్క ఎక్కడినుంచి మొదలుపెట్టాలో అడుగుతుంది.