సలీం అలీ

సలీం అలీ (నవంబరు 12, 1896 - జూన్ 20, 1987) సుప్రసిద్ధ భారతీయ పక్షి శాస్త్రవేత్త. పూర్తి పేరు సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ. ఇతడు దేశంలోని అనేక ప్రాంతాలలో పక్షుల సర్వేలను క్రమపద్ధతిలో నిర్వహించాడు. రంగు, ఆకారాలతో పాటు కూతను బట్టి కూడా పక్షిని గుర్తించే విద్యను తన గ్రంథాల ద్వారా సామాన్య పాఠకులకు అందించాడు.

బాల్యము, విద్య

సలీం అలీ బొంబాయిలో జన్మించాడు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగాడు. బాల్యంలో తాను కొట్టిన పసుపు గొంతు పిచ్చుక ఏ జాతిదో తెలుసుకొనడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్ళడం ఇతని జీవితాన్ని మలుపు తిప్పింది. సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ ఆ పిట్టను గుర్తించి, అక్కడి పక్షుల సేకరణను చూపించాడు. తరువాత కొన్నేళ్ళు బర్మాలో కుటుంబ వ్యాపారం చూశాడు. 1918లో తెహ్మినాను వివాహమాడాడు. బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రెస్‌మాన్ వద్ద శిక్షణ పొంది 1930లో తిరిగి వచ్చేసరికి మ్యూజియంలో ఇతని ఉద్యోగం రద్దయింది. ఆ నిరుద్యోగ కాలంలోనే కిహిం గ్రామంలో గిజిగాడి సంతానోత్పత్తిని పరిశీలించి పేరు పొందాడు.

హైదరాబాదు సంస్థాన సర్వే

1931-32లో నిజాం ప్రభుత్వ సహాయంతో హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే జరిపాడు. ఆదిలాబాదు, కరీంనగర్ జిల్లాలు అప్పుడు ఆ సంస్థానంలోనివే. అడవి మకాములలో తెహ్మినా ఇతనికి తోడుగా ఉండేది. ఫలితాలు హ్యూ విస్లర్ వివరణలతో సొసైటీ పత్రికలో వెలువడినాయి. 1939లో శస్త్రచికిత్స అనంతరం తెహ్మినా మరణించింది.

కూతను బట్టి గుర్తింపు

ఆ రోజులలో పక్షిని కాల్చి, చర్మాన్ని భద్రపరచి జాతిని నిర్ణయించేవారు. సలీం అలీ కూడా సర్వేలలో ఈ పద్ధతినే అనుసరించాడు. అయితే చర్మం ఈకల కొలతను చెప్పగలదు కాని, కూతను చెప్పలేదు. గోదావరికి ఇరువైపులా ఉన్న టేకు అడవులలో వానాకాలపు వెడల్పాటి ఆకుల చాటున పక్షి కనిపించదు, గొంతు మాత్రమే వినిపిస్తుంది. కంసాలి పిట్ట రాగి పాత్రను సుత్తితో కొట్టినట్లు ఒకే స్వరాన్ని విడువక పలుకుతుంది. పపీహా చూపునకు చిన్న డేగను పోలి ఉన్నా, అంతకంతకు హెచ్చే కూత దానిని పట్టిస్తుంది. శీతాకాలంలో వలస వచ్చే చిన్న ఆకుపచ్చ వార్బ్లర్లు రూపంలో దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిని వేరు చేయడానికి కూతే మంచి ఆధారం. అయితే భృంగరాజం ఇతర పక్షుల గొంతును అనుకరిస్తుంది కనుక కూతతో పాటు స్థలాన్ని, ఋతువును, ప్రవర్తనను కూడా గమనించాలి.

1941లో ప్రచురించిన 'ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' లో సలీం అలీ కూతలను అక్షరాలలోను, తెలిసిన శబ్దాలతో పోలికలలోను వర్ణించాడు. డిల్లాన్ రిప్లీతో కలిసి రచించిన పది సంపుటాల 'హ్యాండ్‌బుక్' (1968-1974) లోనూ కూతల వివరాలు ఉన్నాయి.

కలివికోడి

1900 తరువాత కనిపించక అంతరించిందనుకున్న కలివికోడిని 1986లో కడప జిల్లాలో సొసైటీ పరిశోధకులు తిరిగి కనుగొన్నారు. అప్పటికి సలీం అలీ జీవించే ఉన్నాడు. ఇది రాత్రివేళ సంచరించే పక్షి కనుక చూడటం బహు కష్టం. ఇతని మరణానంతరం దాని కూతను రికార్డు చేసి, దాని ఆధారంగా పొదలలో వెదికే పద్ధతి వచ్చింది.

పురస్కారములు, మరణము

భారత ప్రభుత్వం 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ పురస్కారాలతో సత్కరించింది. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యాడు. అదే సంవత్సరం ఆత్మకథ 'ది ఫాల్ ఆఫ్ ఎ స్పారో' వెలువడింది. 1987 జూన్ 20న బొంబాయిలో మరణించాడు. ఇతని పేరిట 1990లో కోయంబత్తూరులో పక్షి, ప్రకృతి శాస్త్రాల పరిశోధనా కేంద్రం ఏర్పడింది.