దూరదర్శనమునకు దారి చూపిన జాన్ లోగీ బెయిర్డు

భారతములోని సంజయుని ఎరుగనివారు మన గ్రామమున లేరు. వ్యాసమహర్షి దివ్యదృష్టిని మొదట ధృతరాష్ట్రునకే ఇయ్యబోయెను. జ్ఞాతుల చావును కన్నులార చూడజాలనని ఆ రాజు వలదనగా, ఆ వరము సంజయునకు లభించెను. సంజయుడు చూచెను, రాజు వినెను. వినుటకును చూచుటకును నడుమ ఎంత దూరమున్నదో ఆ ఒక్క కథవలన తెలియుచున్నది. ఇరువదవ శతాబ్దమున రేడియో సంజయుని పని చేసినది. దూరమున జరుగుదానిని చెవికి చేర్చినది. కంటికి చేర్చు పని అంతకంటె కష్టమైనది. ఒక మనుష్యుని ముఖమును వెలుగునీడలతో, కదలుచుండగా, మఱియొక గదిలోనివారికి మొట్టమొదట యంత్రముతో చూపినవాడు స్కాట్లండు దేశీయుడు జాన్ లోగీ బెయిర్డు. అతడు తలపెట్టిన కార్యము నెరవేరినది. అతని యంత్రము మాత్రము లోకమున నిలువలేదు. ఈ రెండును ఎట్లు పొసగెనో తెలియవలెనన్నచో అతని జీవితముతోపాటు ఆ విద్యలోని పరిభాషను కూడ కొంత తెలిసికొనవలయును.

బెయిర్డు 1888వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీన హెలెన్స్‌బరో అను సముద్రతీర పట్టణమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. నలుగురు బిడ్డలలో ఇతడు కడగొట్టువాడు. బాల్యమునుండి ఆరోగ్యము అంతంతమాత్రమే. అయినను చేతులు ఊరకుండెడివి కావు. బాలుడుగా నున్నప్పుడే తన యింటినుండి స్నేహితుల యిండ్లకు తీగలు లాగి టెలిఫోను ఏర్పాటు చేసికొనెను. గ్లాస్గో నగరములోని సాంకేతిక కళాశాలలో విద్యుచ్ఛాస్త్రము నభ్యసించి, పిదప అచ్చటి విశ్వవిద్యాలయమున చేరెను గాని, 1914లో ప్రపంచయుద్ధము రాగా పట్టము పుచ్చుకొనకయే చదువు నిలిచిపోయెను. సైన్యమున చేరబోగా దేహదార్ఢ్యము చాలదని త్రిప్పిపంపిరి. అంతట ఒక విద్యుత్ కంపెనీలో కొలువు చేసెను.

ఆ కొలువుతో తృప్తి కలుగక వర్తకమునకు దిగెను. పాదములు చెమ్మగిల్లకుండ కాపాడు మేజోళ్లు అమ్మి కొంత లాభము గడించెను. వెస్టిండీసులోని ట్రినిడాడు ద్వీపమునకు పోయి పండ్లతో జాము వండి అమ్మదలచెను. తీపివాసనకు పురుగులు మూగి ఆ వ్యాపారము చెడెను. తిరిగివచ్చి లండనులో సబ్బు లమ్మెను. మరల జబ్బుపడెను. 1923లో, మంచి గాలికొఱకు ఇంగ్లండు దక్షిణ తీరముననున్న హేస్టింగ్స్ పట్టణము చేరునప్పటికి అతనికి ముప్పదియైదేండ్లు కావచ్చుచుండెను. చేత ధనము లేదు, ఉద్యోగము లేదు. ఆ స్థితిలో అతడు దూరదర్శన యంత్రమును నిర్మింప పూనుకొనెను.

ఆ పనిలోని చిక్కేమి? చిత్రమునంతటిని ఒక్కసారిగా తీగపై పంపుట సాధ్యము కాదు. తీగలో ఒక్క క్షణమున ఒక్క హెచ్చో ఒక్క తగ్గో మాత్రమే పోగలదు. గ్రామలెక్కలతో పరిచయమున్నవారికి దీనికి మార్గము సులభముగ బోధపడును. ఊరి భూమి నెత్తి తాలూకా కచేరీకి మోసికొనిపోయినవా డెవ్వడును లేడు. భూమిని సర్వే నంబర్లుగ విభజించి, ఒక్కొక్క నంబరు విస్తీర్ణమెంత, పైరేది అని అడంగలులో వరుసగ వ్రాసి పంపెడివారు. వరుస సరిగానున్నచో కచేరీలో కూర్చున్నవాడు ఊరి స్వరూపమును కాగితముపై తెలిసికొనగలిగెడివాడు. వరుస తప్పెనా, ఒకరి పొలము మఱియొకరి పాలగును.

చిత్రమునకు జరుగునదియు ఇదియే. దానిని సన్నని గీతలుగ విభజించి, ప్రతి గీతవెంబడి వెలుగెంత, నీడయెంత అని వరుసగ కొలుచుటను స్కానింగు అందురు. గీతలో విడిగా చూపదగిన మిక్కిలి చిన్న భాగము చిత్రాంశము; నేటి వాడుకలో దానినే పిక్సెలు అనుచున్నారు. పంపుచోటను అందుకొనుచోటను వరుస ఒకే వేళకు, ఒకే వడితో నడచుట సమకాలికత. చిత్రమంతయు ఒకసారి గీతలుగ పూర్తియైనచో అది ఒక ఫ్రేము.

ఈ భావములు బెయిర్డునకు ముందే పుట్టినవి. వెలుగు సోకినప్పుడు సెలీనియము అను పదార్థము విద్యుత్తును ఎక్కువగ పోనిచ్చునని విల్లోబీ స్మిత్ అను ఆంగ్లేయుడు 1873లో ప్రకటించెను. వెలుగును విద్యుత్తుగ కొలుచుటకు దానితో దారి దొరకినది. 1884లో జర్మనీ దేశమున పాల్ నిప్కో అను విద్యార్థి గుండ్రని పళ్లెమునకు అంచునుండి లోపలికి సుడివలె రంధ్రములు పెట్టు ఉపాయమును కనిపెట్టెను. పళ్లెము తిరుగునప్పుడు ఒక్కొక్క రంధ్రము చిత్రముమీద ఒక్కొక్క గీత నడచును. ఒక్క చుట్టుతో చిత్రమంతయు చదివినట్లగును. నిప్కో ఉపాయము కాగితముమీదనే నిలిచిపోయెను. ఆనాటికి బలహీనమైన విద్యుత్తును పెద్దదిగ చేయు సాధనము లేకుండెను. రేడియో వాల్వులు వచ్చిన పిదపనే ఆ కొఱత తీరినది.

గీత తరువాత గీత వచ్చుచున్నను కంటికి నిండుచిత్ర మెట్లు కనబడును? మన పెద్దలు చెప్పిన అలాతచక్రమును తలచుకొనుడు. చీకటిలో కొఱవిని గిరగిర త్రిప్పినచో నిప్పు ఒక్కచోటనే యున్నను చక్రము కనబడును. కంటికి సోకిన వెలుగు తక్షణమే చెరిగిపోదు. వేదాంతులు దీనిని జగన్మిథ్యకు ఉపమానము చేసిరి. దూరదర్శనమునకు అదియే పునాదిరాయి అయినది.

హేస్టింగ్స్‌లో బెయిర్డు కూర్చుకొన్న సామగ్రి చూచినచో నవ్వును జాలియు ఒక్కసారి కలుగును. పాత టోపీపెట్టె, ఖాళీ తేయాకుపెట్టె, కత్తెర, మేజోళ్లు కుట్టు సూదులు, సైకిలు దీపముల కటకములు, లక్క, జిగురు. వీనితో 1924 ఆరంభమున వస్తువుల నీడలను కొద్ది దూరము పంపి చూపెను. ఆ యేడు జులైలో వేయి వోల్టుల విద్యుత్తు తగిలి చేయి కాలెను, ప్రాణము దక్కెను. గది యజమాని భయపడి ఖాళీ చేయుమనెను. బెయిర్డు పెట్టెలు కట్టుకొని లండను చేరి, సోహో పేటలోని ఫ్రిత్ వీధి 22వ నంబరు ఇంటి మేడమీద అద్దెకు దిగెను. 1925 మార్చిలో సెల్ఫ్‌రిడ్జ్ అంగడిలో మూడు వారములు జనులకు తన యంత్రమును చూపెను. కనబడినవి నీడలే, ముఖములు కావు.

నీడను పంపుటకు నలుపు తెలుపు చాలును. ముఖమునకు ఆ రెంటి నడుమనున్న ఛాయలన్నియు కావలయును. ముక్కు ప్రక్క నీడ, చెంపపై మెరుపు లేనిచో ముఖము ముఖము కాదు. 1925 అక్టోబరు 2వ తేదీన అది సిద్ధించెను. దీపముల వేడికి మనుష్యుడు ఓర్వలేడని మాటలాడు బొమ్మలాటలో వాడు బొమ్మ తలను ఎదుట నిలిపియుండెను. స్టూకీ బిల్ అను ఆ బొమ్మ ముఖము కన్నులతో, నోటితో, ఛాయలతో తెరపై తోచెను. ఆనందము పట్టలేక బెయిర్డు మెట్లు దిగి పరుగున పోయి, క్రింది కార్యాలయమున పనిచేయు విలియం టేంటన్ అను ఇరువదేండ్ల కుఱ్ఱవానిని తీసికొనివచ్చి బొమ్మచోట కూర్చుండబెట్టెను. వేడికి ఆ కుఱ్ఱవాడు వెనుకకు జరిగిపోగా తెర శూన్యమయ్యెను. అతని చేతిలో అరక్రౌను నాణెముంచి మరల కూర్చుండబెట్టవలసి వచ్చెను. నిండు ఛాయలతో దూరదర్శనమున కనబడిన మొదటి మనుష్యుడు అతడే. 1926 జనవరి 26వ తేదీన బెయిర్డు రాయల్ ఇన్‌స్టిట్యూషను సభ్యులను ఆ మేడగదికే పిలిచి చూపెను. లోకము దానిని అంగీకరించెను.

ఆ చిత్రమెంతటిదో చెప్పవలయును. గీతలు 30 మాత్రమే. అవియు నిలువు గీతలు. ఒక్కొక్క గీతకు సుమారు 70 అంశముల లెక్కన చిత్రమంతటికి 2,100. తెర అరచేతికంటె చిన్నది. పళ్లెము వెనుక నియాన్ దీపము మినుకుమినుకుమనుచుండుటచే చిత్రము నారింజవన్నెగ తోచెడిది. ఒకరి తలయు భుజములును పట్టునంతకు మించి చోటు లేదు.

అటుపిమ్మట విజయములు వరుసగ వచ్చెను. 1927 మే నెలలో టెలిఫోను తీగపై లండనునుండి గ్లాస్గోకు 438 మైళ్లు చిత్రమును పంపెను. 1928 ఫిబ్రవరిలో అట్లాంటిక్ సముద్రము దాటించి అమెరికాలో చూపెను. అదే యేడు జులైలో రంగుల చిత్రమును ప్రదర్శించెను. 1929 సెప్టెంబరు 30వ తేదీ మొదలుకొని బీబీసీ వారి ద్వారా అతని ప్రసారములు సాగెను. 1930లో మాటయు చిత్రమును కలసి వచ్చెను. ఆ జులైలో ఒక నాటకము కూడ ప్రసారమయ్యెను. 1931లో మార్గరెట్ ఆల్బూ అను పియానో విదుషిని వివాహమాడెను. వారికి ఒక కుమార్తె, ఒక కుమారుడు.

ఈ లోపల మఱియొక మార్గము బలపడుచుండెను. అమెరికాలో ఫైలో ఫార్న్‌స్‌వర్త్ 1927లో, తిరుగు పళ్లెము లేకుండ, ఎలక్ట్రాను కిరణముతోనే చిత్రమును చదువు కెమెరాతో పంపి చూపెను. జ్వోరికిన్ అను రష్యాదేశీయుడు అమెరికాలోనే ఆ దారిని పెంచెను. ఇంగ్లండులో షోన్‌బర్గ్ నాయకత్వమున ఇ.ఎం.ఐ. సంస్థవారు దానిని పట్టుకొనిరి. ఇందు చక్రములేదు, మోటారులేదు. గాలి తీసిన గాజునాళమున ఎలక్ట్రాను కిరణము తెరవైపు దూసికొనిపోవును. అయస్కాంతశక్తి దానిని ప్రక్కలకును క్రిందికిని వంచి గీతలు గీయించును. తెర లోపలి ఫాస్ఫరు పూత కిరణము తాకినచోట వెలుగును. ఇనుపపళ్లెము ఎంత వడిగ తిరిగినను బరువు గలది, ఎలక్ట్రాను బరువెంత!

1936 నవంబరు 2వ తేదీన లండనులోని అలెగ్జాండ్రా పాలెసునుండి బీబీసీ నిత్యప్రసారములు ఆరంభించి, రెండు పద్ధతులను వారము విడిచి వారము పరీక్షకు పెట్టెను. బెయిర్డు కంపెనీది 240 గీతలు, సెకండునకు 25 ఫ్రేములు. ఇ.ఎం.ఐ. వారిది 405 గీతలు. అందును ఒక నేర్పు కలదు. రైతు ఒక చాలు విడిచి ఒక చాలు విత్తుచు పోయి, మరలివచ్చి విడిచిన చాళ్లు విత్తినట్లు, మొదట బేసి గీతలను, పిదప సరి గీతలను గీయుదురు. దీనిని ఇంటర్‌లేసింగు అందురు. ఫ్రేములు 25 అయినను తెర సెకండునకు 50 మారులు వెలుగుటచే కంటికి మినుకు తగ్గును. ఇక బెయిర్డు కంపెనీ పద్ధతులలో ఒకదానియందు మొదట సినిమా ఫిల్ముపై చిత్రము తీసి, అక్కడికక్కడే రసాయనములలో కడిగి, సుమారు ఒక నిమిషము పిమ్మట పంపవలసియుండెను. ఆ కెమెరా కదలదు. ఇ.ఎం.ఐ. కెమెరా తోటలోనికి కూడ పోగలిగెను. నవంబరు 30వ తేదీ రాత్రి క్రిస్టల్ పాలెసు అగ్నికి ఆహుతి కాగా అందలి బెయిర్డు కంపెనీ ప్రయోగశాలలును కాలెను. 1937 ఫిబ్రవరినుండి బీబీసీ ఆ పద్ధతిని విడిచిపెట్టెను.

పండ్రెండేండ్ల కష్టము మూడు మాసములలో ప్రక్కకు పోయెను. కంపెనీపై పెత్తనము అప్పటికే ఇతరులది. ఆ స్థితిలో పళ్లెమునే పట్టుకొని విలపించువారుందురు. పగపట్టి కూర్చుండువారును ఉందురు. బెయిర్డు అట్లు చేయలేదు. తన్నోడించిన ఎలక్ట్రాను కిరణమునే చేపట్టి సొంత ప్రయోగశాలలో మరల మొదలిడెను. యుద్ధమువలన 1939 సెప్టెంబరున ప్రసారములు ఆగినను అతడాగలేదు. 1944 ఆగస్టులో టెలిక్రోము అను రంగుల చిత్రనాళమును చూపెను. పలుచని అభ్రకపు రేకుకు ఒక ప్రక్క నీలి-ఆకుపచ్చ, రెండవ ప్రక్క నారింజ-ఎరుపు వెలుగునిచ్చు ఫాస్ఫరు పూసి, రెండు కిరణములను రెండు ప్రక్కలనుండి పంపినచో రెండు వన్నెలును కలసి ఒక్క చిత్రమగును. ఇందు తిరుగు చక్రమేదియు లేదు. వేయి గీతల దూరదర్శనము రావలయునని ఆ దినములలోనే ప్రభుత్వ సంఘము నెదుట వాదించెను.

1946 జూన్ 7వ తేదీన బీబీసీ దూరదర్శనము మరల మొదలయ్యెను. అప్పటికి బెయిర్డు బెక్స్‌హిల్ పట్టణమున జబ్బుతో మంచముపట్టి యుండెను. సరిగ వారమునకు, 14వ తేదీన, ఏబదియెనిమిదవ యేట కన్నుమూసెను. పుట్టిన హెలెన్స్‌బరోలోనే సమాధి చేసిరి.

మన దేశమున దూరదర్శన ప్రసారము 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో ప్రయోగముగ మొదలయ్యెను. 1975 ఆగస్టునుండి ఒక యేడు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు వచ్చెను. వానిలో ఆంధ్రప్రదేశ్ గ్రామములు కలవు, ప్రసారభాషలలో తెలుగు కలదు. మనవారు చూచిన ఆ చిత్రమునకు గీతలు 625. నేటి పలుచని తెరలలో అడ్డమునకు 1,920, నిలువునకు 1,080 పిక్సెళ్లుండుట సామాన్యము. మొత్తము 20 లక్షల 73 వేల 600. ఆ తెరపై చిన్న నీటిచుక్క పడినచో అది కటకమువలె పనిచేసి ఎరుపు, పచ్చ, నీలి గుర్తులను విడివిడిగ చూపును. అందు ఎలక్ట్రాను కిరణమును లేదు. బెయిర్డును ఓడించినదియు కాలము చెల్లిపోయినది. నిలిచినది ఒక్కటే: చిత్రమును వరుసలుగ విభజించి, క్రమము తప్పక పంపి, క్రమము తప్పక కూర్చుట. నేటి తెరయు వరుస తరువాత వరుసగానే నింపబడుచున్నది.

బెయిర్డు ఒక్కడే దూరదర్శనమును కనిపెట్టెననుట సత్యము కాదు. అది సాధ్యమా యని లోకము సందేహించుచున్న దినమున, కుట్టుసూదులతో, సైకిలు కటకములతో ఒక కుఱ్ఱవాని ముఖమును చూపి సందేహము తీర్చినవాడు అతడు. పట్టములేని చదువు, బలములేని దేహము, ధనములేని సంచి అతని నాపలేదు. మన గ్రంథాలయపు బల్లయొద్ద కూర్చుండి చదువుకొను బాలబాలికలు, సాధనములు చాలలేదని దిగులుపడు దినమున, ఆ 30 గీతలను తలచుకొందురు గాక.