ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ : తెలుగు ధాతువుల సాక్ష్యం

తెలుగు సంస్కృతజన్యమా, స్వతంత్రమా అనే ప్రశ్న మన వైయాకరణులకు కొత్తది కాదు. ఆ ప్రశ్నకు ఇరుగుపొరుగు భాషల ధాతువులను ప్రక్కప్రక్కన నిలిపి సమాధానం చెప్పినవారిలో ప్రథముడు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ (1777-1819). ద్రావిడ భాషాశాస్త్ర చరిత్రను కాల్డ్వెల్‌తో ఆరంభించడం అలవాటైనందువలన ఎల్లిస్ పేరు, ఆయనకు ఆధారమైన తెలుగు పండితుల పేర్లు చాలాకాలం మరుగున పడినవి.

ఎల్లిస్ 1796లో ఈస్టిండియా కంపెనీ రైటరుగా మద్రాసు చేరి, క్రమంగా ఆ పట్టణానికి కలెక్టరైనారు. తమిళ, సంస్కృతాలను శ్రద్ధతో అభ్యసించి, తిరుక్కుఱళ్‌ను వ్యాఖ్యానంతో ఆంగ్లీకరించడానికి పూనుకొన్నారు. అది అసంపూర్ణంగానే మిగిలినది. కంపెనీ యువోద్యోగులకు దక్షిణదేశ భాషలు నేర్పడానికి 1812లో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల వెలసినది. దాని రూపకల్పనలో ప్రధాన హస్తం ఎల్లిస్‌దే. అక్కడ సంస్కృతాంధ్రాలకు ప్రధానోపాధ్యాయులు వేదం పట్టాభిరామశాస్త్రి.

అప్పటికి కలకత్తా పండితవర్గంలో ఒక అభిప్రాయం స్థిరపడి ఉన్నది. సంస్కృతానికి గ్రీకు, లాటిన్ భాషలతో గల సంబంధాన్ని విలియం జోన్స్ 1786లో ప్రతిపాదించగా, భారతీయ భాషలన్నిటికీ సంస్కృతమే మూలమని పలువురు భావించారు. 1814లో వెలువడిన విలియం కేరీ తెలుగు వ్యాకరణం కూడా ఆ దృష్టినే అనుసరించినది.

దీనికి ప్రత్యుత్తరం 1816లో వచ్చినది. ఎ.డి. క్యాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణం కళాశాల ముద్రణాలయంలో అచ్చయినప్పుడు, దాని ఉపోద్ఘాతానికి అనుబంధంగా ఎల్లిస్ ఒక వ్యాసం చేర్చారు. అందులోని వాదం మూడు అంచెలుగా సాగుతుంది. మొదటిది ధాతువులు. ఒకే వర్ణంతో ఆరంభమయ్యే సంస్కృత, తెలుగు ధాతువులను పోల్చగా సామ్యం స్వల్పం. తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పోల్చగా సామ్యం పుష్కలం. రెండవది పదజాలం. మూడవది వాక్యరచన, సంస్కృత, ఆంగ్ల వాక్యాలను ఈ మూడు భాషలలోకి మార్చి, వాటి అన్వయక్రమం ఒక్కటేనని చూపారు. ఈ కుటుంబంలో మలయాళ, తుళు, కొడగు భాషలను కూడా ఆయన చేర్చారు. దానికి ద్రావిడమనే పేరు పెట్టినవారు మాత్రం కాల్డ్వెల్.

ఈ పద్ధతి సారమేమో ఒక మాటతో తెలుసుకోవచ్చును. తెలుగు, తమిళాలలో చెవి అనేదే కన్నడంలో కివి. సంస్కృతంలోని కర్ణ, శ్రోత్ర శబ్దాలతో దీనికి పొత్తు లేదు. ఇక చతుర్థీ ప్రత్యయమైన కు వర్ణకం తమిళంలో అదే రూపంతో, కన్నడంలో కె, గె రూపాలతో కనిపిస్తుంది. పదాలు ఎరువు రావచ్చును గాని, ధాతువులూ ప్రత్యయాలూ వాక్యక్రమమూ ఒక్కుమ్మడిగా ఎరువు రావు.

ఇక్కడ పరిశీలింపవలసిన అంశం మరొకటి ఉన్నది. ఎల్లిస్ ముందుంచిన సామగ్రి ఐరోపాది కాదు. తెలుగు ధాతువుల పట్టిక పట్టాభిరామశాస్త్రిది. తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్య విభాగ వివరణ మామిడి వెంకయ్య ఆంధ్రదీపికనుండి గ్రహించినది. ధాతువే భాషకు మూలమనే దృష్టి పాణినీయ సంప్రదాయం ప్రసాదించినది. మన లాక్షణికులు దేశ్యమని వేరుచేసిన భాగమే భాషకు పునాది అని, సంస్కృత పదాలు దానిపై చేరినవని ఎల్లిస్ గ్రహించారు. విభాగం మనది, దానిని భాషాకుటుంబ నిర్ణయానికి వినియోగించడం ఆయనది. జర్మనీలో ఫ్రాంజ్ బాప్ సంస్కృత, గ్రీకు, లాటిన్ తదితర భాషల క్రియారూపాలను పోల్చిన గ్రంథం వెలువడినదీ అదే 1816లో కావడం గమనార్హం.

నలభై యేళ్ళు నిండేవరకు పెద్ద గ్రంథాలేవీ ప్రకటించరాదని ఎల్లిస్ నియమం పెట్టుకొన్నారు. ఆ నియమమే ఆయన కీర్తికి అడ్డు వచ్చినది. 1819 మార్చిలో రామనాథపురంలో పొరపాటున విషపదార్థం సేవించి మరణించారు. వ్రాతప్రతులలో చాలాభాగం మధురలో ఒక వంటవాని పొయ్యి రాజేయడానికి ఉపయోగపడినవని వాల్టర్ ఇలియట్ తెలిపారు. 1856లో కాల్డ్వెల్ తులనాత్మక వ్యాకరణం వెలువడినది. ఆయన ఎల్లిస్‌ను స్మరించకపోలేదు గాని, విస్తృతమైన ఆ గ్రంథం ముందు చిన్న అనుబంధ వ్యాసం మరుగునపడినది. 2006లో థామస్ ట్రౌట్మన్ గ్రంథం మద్రాసు పండితబృందం కృషిని మరల వెలుగులోకి తెచ్చినది.

కాల్డ్వెల్ కృషి వైశాల్యం నిర్వివాదం. అయినను భాషాకుటుంబ నిరూపణకు నలభై యేళ్ళ ముందే తెలుగు ధాతుపట్టిక సాక్ష్యం పలికినదనే విషయం మన విద్యార్థులకు చెప్పవలసినది. ఆ సాక్ష్యాన్ని ఎల్లిస్ పేరుతోపాటు పట్టాభిరామశాస్త్రి, మామిడి వెంకయ్యల పేర్లతో కలిపి చెప్పడమే న్యాయం.