చాక్లెట్ పాకము – మిల్టన్ హెర్షీ జీవితము

మన గవర్నర్‌పేటలో బీసెంటు రోడ్డు వెంబడి నడచువారికి అంగళ్లలో నల్లని చిక్కని ద్రవముతో నిండిన సీసాలు కనబడుచుండును. పాలలో కలుపుకొనుటకును, ఐస్‌క్రీముపై పోసికొనుటకును పిల్లలు మిక్కిలి యిష్టపడు ఆ ద్రవమే చాక్లెట్ సిరప్పు. మన మాటలో చెప్పవలెనన్న చాక్లెట్ పాకము. దానికి మూలమైన కోకో గింజ సముద్రముల కావల మాత్రమే పండునని పలువురు తలంతురు. కాని ఏలూరు, పశ్చిమగోదావరి, కృష్ణా జిల్లాలలో కొబ్బరితోటల నీడను కోకో చెట్లు నేడు విరివిగా పెరుగుచున్నవి. భారతదేశమున కోకో పండించు రాష్ట్రములలో మనదే అగ్రస్థానము. తోటలో కాయను చూచినవారును, అంగడిలో సీసాను కొన్నవారును మనలో నున్నారు. ఆ రెంటికిని నడుమ నున్న శ్రమ నెరిగినవారు మాత్రము తక్కువ. ఆ శ్రమయందే తన జీవితమును గడపిన అమెరికా దేశీయుడు మిల్టన్ హెర్షీ చరిత్రమును మన విద్యార్థుల కొరకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

మిల్టన్ హెర్షీ 1857 సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమున డెర్రీ అను పల్లెప్రాంతములో జన్మించెను. తండ్రి హెన్రీ గ్రంథములయందు ప్రీతిగలవాడు, ఊహలు మెండుగా గలవాడు. నేడొక వ్యాపారము, రేపొక వ్యాపారము ఆరంభించును గాని ఏదియు కడతేర్చినవాడు కాడు. తల్లి ఫ్యానీ మెన్నొనైటు క్రైస్తవ కుటుంబమున పెరిగిన యామె. పొదుపు, కాయకష్టము, నియమము ఆమెకు ప్రాణములు. సెరీనా అను చెల్లెలు పసితనముననే జ్వరముచేత మరణించెను. తండ్రి ప్రయత్నములు మారినప్పుడెల్ల కుటుంబము ఊరు మారెను. ఊరు మారినప్పుడెల్ల బాలుని బడి మారెను. తుదకు నాల్గవ తరగతితోనే అతని చదువు ముగిసెను.

మొదట అతనిని ఒక అచ్చుకూటమున పనికి పెట్టిరి. అక్షరములు కూర్చుపనియందు అతనికి మనసు నిలువలేదు. యజమాని కొలదికాలములోనే అతనిని తొలగించెను. అప్పుడు తల్లి ఆలోచించి, లాంకాస్టరు పట్టణమున జోసెఫ్ రోయరు అను మిఠాయిదారుని యొద్ద శిష్యునిగా చేర్చెను. అచ్చట నాలుగేండ్లపాటు పొయ్యి యెదుట నిలిచి చక్కెర ఎప్పుడు కరగును, ఎప్పుడు తీగ సాగును, ఎప్పుడు ముదురును అను సంగతులను కంటితోను చేతితోను నేర్చుకొనెను. అరిసెల పాకము పట్టు మన తల్లుల నైపుణ్యమువంటిదే ఆ విద్యయు. పుస్తకమున చదివిన మాత్రమున అది రాదు.

1876లో ఫిలడెల్ఫియా నగరమున గొప్ప ప్రదర్శనము జరిగెను. ఆ యేటనే పద్దెనిమిదేండ్ల ప్రాయముననే హెర్షీ అచ్చట స్వంతముగా మిఠాయి యంగడి తెరచెను. తల్లియు, మేనత్తవలె గాక కన్నతల్లితో సమానముగా ప్రేమించిన పినతల్లి మ్యాటీయు వచ్చి మిఠాయిలకు కాగితములు చుట్టుచు తోడ్పడిరి. పగలు అమ్మకము, రాత్రి వంటకము. ఆరేండ్లు ఇట్లు శ్రమించినను అప్పులే మిగిలెను, దేహారోగ్యము చెడెను, 1882లో అంగడి మూతబడెను. పిమ్మట డెన్వరు నగరమునకుపోయి ఒక మిఠాయిదారుని కొలువులో చేరెను. తాజాపాలు పోసి వండినచో కారమెల్ అను చక్కెర మిఠాయి మెత్తగా నుండి చాలదినములు నిలువయుండునని అచ్చట తెలిసికొనెను. ఈ యొక్క పాఠమే తరువాత అతని భాగ్యమునకు మూలమయ్యెను. కాని భాగ్యము వెంటనే రాలేదు. చికాగోలో ప్రయత్నించి విఫలుడయ్యెను. న్యూఆర్లియన్సులోను అంతే. న్యూయార్కులో పెట్టిన వ్యాపారమును పోయెను.

1886లో చేతిలో కాసు లేక లాంకాస్టరునకు తిరిగి వచ్చెను. తండ్రివలెనే వీడును నిలుకడలేనివాడని తలచి బంధువులనేకులు ముఖము చాటువేసిరి. వెనుక తనయొద్ద పనిచేసిన లెబ్‌కిచెర్ అను సామాన్యుడు మాత్రము తన కూడబెట్టిన ధనమిచ్చి ఆదుకొనెను. తల్లియు పినతల్లియు మరల చేయూతనిచ్చిరి. హెర్షీ పాలతో కారమెల్ వండి వీధులలో అమ్మెను. ఇంగ్లండునకు సరకులు పంపు వర్తకుడొకడు దానిని రుచిచూచి పెద్దమొత్తమునకు బేరము కుదుర్చుకొనెను. బ్యాంకు అప్పిచ్చెను. లాంకాస్టరు కారమెల్ కంపెనీ నానాటికి వృద్ధిపొంది, వందలకొలది పనివారికి జీవనాధారమయ్యెను.

అంతటితో తృప్తిపడినచో హెర్షీ ఒక ధనవంతుడుగా మాత్రమే గతించియుండును. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనమున జర్మనీ దేశపు చాక్లెట్ యంత్రములు పనిచేయుట చూచి, వానిని కొని తన కర్మాగారమునకు తెప్పించెను. ఆ కాలమున పాలచాక్లెట్ విదేశములనుండి వచ్చు విలాసవస్తువు. శ్రీమంతులకే అది దక్కుచుండెను. దానిని సామాన్యుని బిడ్డకు అందింపవలెనని అతని సంకల్పము.

ఇందలి కష్టమును విద్యార్థులు గ్రహింపవలెను. కోకోకాయ కొమ్మల చివరగాక చెట్టు మానుకే కాయును. కాయను పగులగొట్టిన లోపల తెల్లని గుజ్జులో 30 మొదలు 40 గింజల వరకు ఉండును. వానిని గుజ్జుతోకూడ అయిదారు దినములు పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, పొట్టుతీసి నూరవలెను. గింజలో ఇంచుమించు సగము క్రొవ్వే యుండును. పాలలో నున్నదో, అధికభాగము నీరు. నూనెయు నీరును కలియవు గదా! కావున పాలలోని నీటిని తగుపాళ్లలో ఇగిర్చి, మాడకుండ, విరుగకుండ చాక్లెట్‌తో కలుపుటకు హెర్షీయు పనివారును ఏండ్లతరబడి పాటుపడిరి. 1900లో కారమెల్ వ్యాపారమును పదిలక్షల డాలర్లకు అమ్మివేసి, చాక్లెట్‌నే నమ్ముకొనెను. 1903లో తాను పుట్టినచోటనే, పాడిపశువులు సమృద్ధిగా గల ఆ పల్లెలోనే, క్రొత్త కర్మాగారమునకు పునాది వేసెను. 1905 నాటికి అది పూర్తియయ్యెను. దాని చుట్టును ఇండ్లు, బడులు, ఉద్యానవనము, ట్రాలీబండ్ల మార్గము వెలసి ఆ ఊరికి హెర్షీ యను పేరే నిలిచెను.

చాక్లెట్ పాకమును ఆ కంపెనీవారు 1926లో అమ్మకమునకు తెచ్చిరి. నూరిన కోకో ముద్దను యంత్రమున వత్తినచో వెన్నవంటి క్రొవ్వు వేరగును. మిగిలిన పిండిచెక్కను దంచినచో కోకోపొడి యగును. ఆ క్రొవ్వు చాక్లెట్ బిళ్లలకు వినియోగపడును. పొడితో ఈ పాకము సిద్ధమగును. ఇది యింటిలో చేసికొనుటయు కష్టము కాదు. ఒక గిన్నెడు చక్కెర లేని కోకోపొడి, గిన్నెన్నర చక్కెర, చిటికెడు ఉప్పు మొదట పొడిగానే కలుపవలెను. అట్లు చేసినచో ఉండలు కట్టదు. పిమ్మట ఒక గిన్నెడు నీరు కొంచెము కొంచెముగా పోయుచు కలిపి, సన్నని సెగపై నుంచి ఎడతెగక త్రిప్పవలెను. పొంగువచ్చిన పిదప నాలుగైదు నిమిషములు చాలును. వేడిగానున్నప్పుడు పలుచగా కనబడినను చల్లారినకొలది చిక్కబడును. కావున తీగపాకము రాకమునుపే దింపవలెను. చల్లారిన పిమ్మట రెండుచుక్కల వెనిలా సారము వేసి, తడిలేని సీసాలో పోసి చల్లని పెట్టెలో నుంచినచో రెండువారములు నిలువయుండును. వేడిపాకము చేతిపై పడిన తీవ్రముగా కాలును గనుక చిన్నపిల్లలు పెద్దలు దగ్గర లేనిదే ఈ పనికి పూనుకొనరాదు.

హెర్షీ 1898లో కేథరిన్ స్వీనీ అను నామెను వివాహమాడెను. వారికి సంతానము కలుగలేదు. ఆ దంపతులిరువురు ఆలోచించి 1909 నవంబరు 15న అనాథబాలుర కొరకు ఒక పాఠశాలను స్థాపించిరి. మొదట చేరినవారు కొద్దిమంది బాలురు మాత్రమే. కేథరిన్ చిరకాలము వ్యాధిపీడితయై 1915లో మరణించెను. మూడేండ్ల పిమ్మట, 1918లో, హెర్షీ చాక్లెట్ కంపెనీలోని తన వాటాలను, సుమారు ఆరుకోట్ల డాలర్ల విలువ గలవానిని, ఆ పాఠశాల ధర్మనిధికి వ్రాసియిచ్చెను. ఈ సంగతి ఎవరికిని చాటలేదు; అయిదేండ్లు గడచిన తరువాతనే పత్రికలద్వారా లోకమునకు తెలిసెను.

1930 ప్రాంతమున అమెరికాలో ఘోరమైన ఆర్థికమాంద్యము కలిగి లక్షలమంది పనులు కోల్పోయిరి. అప్పుడు హెర్షీ తన ఊరిలో హోటలు, నాటకశాల, క్రీడాప్రాంగణము మొదలగు కట్టడములు చేపట్టి అనేకులకు పని కల్పించెను. ఐనను అతని చరిత్రమున నీడలు లేకపోలేదు. 1937లో పనివారు తమ హక్కుల కొరకు కర్మాగారములోనే కూర్చుండి సమ్మె చేసిరి. పాలు అమ్ముడుపోక నష్టపడిన రైతులును, సమ్మెకు ఒప్పని పనివారును లోపల జొరబడి వారిని కొట్టి వెడలగొట్టిరి. ఊరినంతయు తన కుటుంబముగా భావించిన హెర్షీకి అది తీరని దుఃఖమయ్యెను. ఇల్లిచ్చిన యజమానియైనను పనివాని మాటను వినక తప్పదని ఆ సంఘటన తెలుపుచున్నది. మరియు ఆ పాఠశాల తొలి శాసనము తెల్లజాతి బాలురకు మాత్రమే ప్రవేశమిచ్చెను. జాతిభేదము 1960ల చివరి కాలమునను, బాలికలకుగల నిషేధము 1970లలోను తొలగెను. దాత మంచివాడైనను దానపత్రమున ఆ కాలపు లోపము చేరియుండెను. దానిని తరువాతివారు దిద్దుకొనిరి.

1945 అక్టోబరు 13న, ఎనుబదియెనిమిది సంవత్సరముల వయస్సున, మిల్టన్ హెర్షీ కన్నుమూసెను. అప్పటికే ఆస్తిలో అధికభాగమును దానము చేసియుండెను. ఆయన పేరిట నడచుచున్న ఆ పాఠశాలలో నేడు రెండువేలకు పైగా పేదపిల్లలు భోజనము, వసతి, వస్త్రములతో ఉచితముగా చదువుకొనుచున్నారు.

పరీక్షలో ఒక్కసారి తప్పినంతనే తమ బిడ్డ కొరగాడని చదువు మాన్పించు తలిదండ్రులు మన ప్రాంతమున నున్నారు. నాలుగు నగరములలో నష్టపోయిన కుమారుని ఫ్యానీ విడువలేదను సంగతి వారు ఆలోచింపవలెను. నాల్గవ తరగతి చదివినవాడు కోటీశ్వరుడైనప్పుడు మాకు చదువెందుకని కొందరు బాలురు అడుగవచ్చును. దానికి హెర్షీయే తన చేతలతో ఉత్తరమిచ్చెను. చదువులేని కొరత ఎట్టిదో ఎరిగిన ఆ మనుష్యుడు తాను సంపాదించిన ధనమును భవనములయందు గాని బంధువులయందు గాని ఉంచక, ఒక బడియందు ఉంచెను.